కువైట్ బందోబస్తు

మొగుడు పోయిన ఆడదాన్ని నలుగురు ఏమంటరో మీకు ఎరుకే. మొగుణ్ని తిన్నది అంటరు. నన్ను గూడ అన్నరు. మొకం మీద అనలే, నల్లా కాడ అన్నరు, చర్చి మెట్ల కాడ అన్నరు. మా ఆడబిడ్డ రూతు అయితే పంక్తిల కూసొని, నేను వడ్డిస్తుంటె అన్నది. పదేండ్ల సంది అంటనే ఉన్నరు. నేను పట్టించుకోలే. అన్నంత మాత్రాన తిన్నట్టు అయితదా.

కని మొన్న వానలల్ల ఆ మాట నిజమైంది. నవ్వకుండ్రి. చాయ్ పట్టుకోండ్రి, ఎట్లనో చెప్త.

మా ఇల్లు పాల్వంచ దాటినంక భద్రాచలం తొవ్వల, అడివి మొదలయ్యే కాడ ఆఖరి లైనుల ఉంటది. రెండర్రల పెంకుటిల్లు. ఎనక గోడ దాటితే సమ్మక్క గుడిసె, గుడిసె దాటితే టేకు చెట్లు, ఆ తర్వాత ఇగ దేవుడే దిక్కు. ఇంట్ల మేమిద్దరమే. నేను, మా అత్త మరియమ్మ. మా ఆయన పేరు దానేలు. లారీ మీద క్లీనర్ చేసి చేసి డ్రైవర్ అయిండు. డ్రైవర్ అయిన రెండేండ్లకు జ్వరం వచ్చింది. మూడు దినాలు. దవాఖానా మంచం మీద చెయ్యి పట్టుకొని "లారీ తాళాలు ఓనర్ కు ఇచ్చినవా" అని అడిగిండు. అవే ఆఖరి మాటలు. ఇచ్చిన అన్న. నేను ఏడ్చిన, మొకం కడుక్కున్న, పనికి పోయిన. తర్వాత నాలుగేండ్లు కువైట్ల ఇంటిపని చేసిన. పోయిన ఎండాకాలమే తిరిగొచ్చిన.

అత్తకు ఇప్పుడు కొడుకు అంటె ఒక్క పోటోనే. గోడకు ఉంటది. అద్దం కట్టిచ్చిన పెద్ద పోటో. అదొక్కటే ఉన్నది. చిన్నదాన్ని పెన్షన్ కాయితానికి అతికిచ్చిన. నెగెటివ్ స్టూడియో అతని కాడ ఉంటె, గోదారి పొంగిన ఏడు షాపుల నీళ్ళు సొచ్చి అదీ పోయింది. పెండ్లి పోటోలు దిగలే, మాకు అంత లేదు.

ఆ పోటోల ఆయన తెల్ల చొక్కా ఏసుకొని, జేబుల పెన్ను పెట్టుకొని ఉంటడు. చొక్కా ఆయనదే. పెన్ను స్టూడియో అతనిది. ఆయన గూడ నా లెక్కనే, రెండో తరగతి కాడ ఆగిండు. పోటోల మాత్రం ఆఫీసుల గుమాస్త లెక్క కనపడతడు.

అత్తకు కండ్లు సగమే కనపడతయి. అయినా పొద్దున లేసి, మొకం కడగకముందే పోయి ఆ అద్దం కొంగుతోని తుడుస్తది. "ఏందిర, నిద్ర పట్టిందా?" అంటది.

నేను పొయ్యి కాడ ఉండి, "పట్టింది, ఇంక లేవలే" అంట.

"నీ నోట్ల మన్ను పడ" అంటది. గిట్ల తెల్లారుతది మాకు.

నేను కువైట్ నుంచి వచ్చి చూసేసరికి పోటోల ఆయన చెవి మీద మచ్చ పడ్డది. తడి. గోడ వానకు నానుతది, తడి అద్దంల దిగుతది. అత్తకు మచ్చ కనపడలే కని వాసన తెలిసింది. బూజు వాసన. నా పెట్టెలు ఇంక ఇప్పనే లేదు, చెయ్యి పట్టుకొని గోడ కాడికి గుంజుకపోయింది.

"కోడలా, వీడు ఈ వానకాలం దాటడు" అన్నది.

"దాటుతడు గని కూసో."

"నేను మజాక్ చేస్తలేను. తడి ఒకదిక్కు, పురుగు ఒకదిక్కు. నువ్వు లేని నాలుగేండ్లు నేను గుడ్డిదాన్ని చేతులతోని కాసిన. ఇగ నావల్ల కాదు. నువ్వు ఏమన్న చెయ్యి. వాణ్ని ఒక్కసారి మన్నుల పెట్టిన, చాలు."

నాకు ఏడుపులు పనికిరావు. పని చెప్తె చేస్త. సరె, చేస్త అన్న.

మా ఇంట్ల వానకాలం అంటె అడివి అడివంత లోపలికొస్తది. ఎర్ర చీమలు బియ్యం డబ్బాల కాపురం పెడతయి. రోకలిబండ పురుగులు గోడలెక్కుతయి. చెప్పుల తేలు ఉంటది, చూడకుండ కాలు పెట్టొద్దు. లైటేస్తె ఉసిళ్ళు. చెదకు రెక్కలొస్తె ఉసిలి అంటరు గద, అవి వాన పడ్డ సందెకాడ గుంపులు గుంపులు వచ్చి అన్నంల పడతయి. ఈ ఏడు ఒక్క పురుగును గూడ గడప దాటనియ్యొద్దు అని ఒట్టు పెట్టుకున్న. నా కాడ కువైట్ విద్య ఉన్నది గద.

ఆ విద్య ఎట్లొచ్చిందో చెప్త. కువైట్ ఎడారి. ఏడాదికి నాలుగైదు వానలు పడితే గొప్ప. ఎడారిల వానకు పురుగులేంది అనుకునేరు. ఆడనే ఎక్కువ పరేషాని. ఇసకల దాక్కున్నదంత నీళ్ళు తగలంగనె పొడి జాగ ఎతుక్కుంట ఇంట్ల సొరతది. మోరీలల్లనుంచి బొద్దింకలు బొటనవేలంతయి వస్తయి. నేను పోయిన కొత్తల ఒకనాడు ఆకాశం ఎర్రగైంది, గాలి లేసింది. మా మేడమ్ "సక్రీ, సక్రీ" అని కేకలు. నేను వంటింట్లకు ఉరికి శక్కర డబ్బ తెచ్చిచ్చిన. ఆమె నా దిక్కు చూసింది, డబ్బ దిక్కు చూసింది. అరబ్బీల సక్రీ అంటె మూసెయ్యి అని నాకేమెరుక? అంతట్ల దుమ్ము, వాన, పురుగు మూడు కలిసి కిటికీలల్లనుంచి వచ్చి మేడమ్ సోఫాల మీద కూసున్నయి. నేను శక్కర పట్టుకొని నిలబడ్డ.

ఆ తర్వాత నేర్పిచ్చింది. కిటికీల సందులకు టేపు. దర్వాజ అంచులకు రబ్బరు పట్టీ. మోరీల మీద గుడ్డ, గుడ్డ మీద రాయి. గోడల బొక్కలకు తెల్ల పేస్టు. "పురుగును చంపుడు గాదు సుగుణా, దానికి తొవ్వ లేకుండ చెయ్యాలె, అంతే" అని చెయ్యి తిప్పి తిప్పి చెప్పింది. ఆ మాట నా బుర్రల మేకు దిగినట్టు దిగింది. నాలుగేండ్లు ఆ ఇంట్ల చీమ కనపడలే. అందరు కువైట్ నుంచి సెంటు సీసలు, రగ్గులు తెస్తరు. నేను నాలుగు చుట్టల బ్రౌన్ టేపు, పది గజాల రబ్బరు పట్టీ తెచ్చుకున్న. ఎయిర్‌పోర్టుల పోలీసాయన పెట్టె ఇప్పి చూసి, "ఏమ్మా, ప్యాకింగ్ కంపెనీ పెడుతున్నవా?" అన్నడు.

రోహిణి ఎండలల్లనే పని మొదలు పెట్టిన. కిటికీలు మూసి నాలుగు దిక్కుల టేపు కొట్టిన. తలుపుకు సుట్టు రబ్బరు. మోరీకి గుడ్డ, రాయి. పెంకల సందులల్ల ప్లాస్టిక్ కవర్లు కుక్కిన. ఒక్కో సందు మూసినప్పుడల్ల "సక్రీ" అనుకుంట మూసిన. అత్త కింద కూసొని, "ఎవల్నే పిలుస్తున్నవ్?" అనవట్టింది.

ఆఖరికి పోటో. దానికి మంచి బందోబస్తు చెయ్యాలె అనుకున్న. కువైట్ నుంచి సామాను తెచ్చుకున్న అట్టపెట్టె మందంగ, గట్టిగ ఉండె. దాన్ని కోసి పోటో ఎనక మూడు పొరలు పెట్టిన, గోడ తడి తగలొద్దని. అద్దంకట్టు సుట్టు నాలుగు దిక్కుల గోడకు టేపు కొట్టిన. గాలి గూడ సొరదు. అత్త చేతులతోని తడిమి చూసింది.

"మంచిగ చేసినవ్ బిడ్డ" అన్నది. నా పెండ్లైన ఇన్నేండ్లల్ల ఆమె నన్ను బిడ్డ అన్నది అదే మొదలు.

ఇగ మిగిలింది ఎనక గోడ. బయటి దిక్కు, నేలకు జానెడు పైన, నాలుగు బొక్కలు ఉన్నయి. బొటనవేలు పడతది. తెల్ల పేస్టు మా దిక్కు యాడ దొరుకుతది, సిమెంటు కలుపుకొని పోయిన. ఒకటి మూసిన, రెండోది మూస్తున్న. సమ్మక్క తునికాకు కట్ట నెత్తి మీద పెట్టుకొని వచ్చి ఆగింది. సమ్మక్క కోయామె. నాకంటె రెండేండ్లు చిన్నది. నేను కువైట్ల ఉన్నన్ని దినాలు మా అత్తకు నీళ్ళు మోసింది ఆమెనే.

"అక్కా, ఏం చేస్తున్నవ్?"

"పురుగుకు తొవ్వ మూస్తున్న."

"ఇది ఉసిళ్ల తొవ్వ అక్కా."

"ఉసిలి పురుగు గాదా?"

"పురుగే. కని ఇది లోపలికొచ్చే తొవ్వ గాదు, బయటికి పోయే తొవ్వ. మీ ఇంటి కింద చెద ఉన్నది. నువ్వు కాపురానికి రాకముందు సంది ఉన్నది. ఏటేట మొదటి వానలకు రెక్కలొచ్చినయి అన్ని ఈడికెల్లి ఎల్లిపోతయి. నేను దీపం పెట్టుకొని కూసుంట. నాకు కూర ఎల్తది, నీకు పీడ పోతది. తొవ్వ మూస్తె అవి ఏడికి పోవాలె?"

"ఆడనే ఉండి సస్తయి."

"రెక్కలొచ్చినయి ఉండవు అక్కా" అన్నది. నెత్తి మీది కట్ట సర్దుకున్నది. "మడిసి పిల్లలే ఉంటలేరు."

నాకు ఏమనిపిచ్చిందో చెప్త. ఈమెకు ఏపుకతినే ఉసిళ్ళ మీద పాణం, అందుకే ఇన్ని నీతులు అనిపిచ్చింది. కువైట్ల నాలుగు బాత్రూములున్న మేడమ్ చెప్పింది గొప్పనా, తునికాకు మోసే సమ్మక్క చెప్పింది గొప్పనా?

"నీ కూర కోసం నా ఇంటికి బొక్కలు పెట్టుకొని ఉండాల్నా?" అన్న. అనరాదుండె.

 మా అత్తకు నీళ్ళు మోసిన సంగతి గూడ ఎత్తలే సమ్మక్క. "నీ ఇల్లు, నీ ఇష్టం" అని పోయింది. నేను మిగిలినయి గూడ మూసేసిన. సిమెంటు మీద చేత్తోని సాపు చేసి, "సక్రీ" అన్న.

మిరుగు కార్తె వచ్చింది. వాన పడ్డది. ఒక్క పురుగు రాలే. తేలు లేదు, జెర్రి లేదు, రోకలిబండ లేదు. నా సంబురం ఏం చెప్పాలె. చర్చిల ఆడోళ్ళందరికి చెప్పిన. ఇంటికి తీసుకపోయి టేపు చూపెట్టిన. ఒకామె, "మాకు గూడ జెర చెయ్యరాదు సుగుణమ్మా" అన్నది. కిరాయి తీసుకొని చేద్దామా అని గూడ ఆలోచన చేసిన, అబద్ధమెందుకు.

ఒక్కటే కష్టం, ఇంట్ల గాలి లేదు. పొయ్యి పొగ పోదు. బట్టలు ఆరవు. గోడలు చెమట పోసినట్టు పోస్తయి. అత్త మంచంల పండుకొని, "బావిల ఉన్నట్టున్నది కోడలా" అంటది. "పురుగు లేదు గద" అంట నేను.

రెండో వారంల ఒకనాడు పగటిపూట అత్త గోడకు చెవి పెట్టి కూసున్నది.

"గోడల ఎవరో గొణుగుతున్నరే."

"నీ కొడుకేమో. లారీ తాళాలు అడుగుతున్నడేమో."

"మజాక్ చెయ్యకు. ఇను."

నేను ఇనలే. పనున్నది. ఆ వారంల పోటోల ఆయన మొకం జెర నల్లబడ్డట్టు అనిపిచ్చింది గని మబ్బు పట్టిన దినాలు, ఇంట్ల ఎలుగు ఏడిది. మబ్బు అనుకున్న.

ఆయన పోయి పదేండ్లు నిండినయి. ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నం. పాస్టరయ్య, చర్చివాళ్ళు ఇరవై మంది. బోనకల్ నుంచి మా ఆడబిడ్డ రూతు రైలెక్కి వచ్చింది. ఈమె దానేలుకు చెల్లె. వస్తనే గడప కాడ ఆగింది.

"ఏంది వదినె, కిటికీలన్ని అతికిచ్చినవ్? మా అన్న పారిపోతడనా?"

"పోయినోడు పోయిండు గద రూతు. ఇగ ఏడికి పారిపోతడు."

చేతుల ఇంత లావు ప్లాస్టిక్ పూలదండ తెచ్చింది. పోటోకు ఏసింది. ఆయన మొకం సగం ఆ పూలల్ల మునిగింది. అత్త లోపలి అర్రలకెల్లి తడుముకుంట వచ్చి పోటో కింద చాప మీద కూసున్నది. పొద్దున సంది ఏం తినలే ఆమె. కొడుకు దినం గద.

అప్పటికి రెండు గంటల సంది ఒకటే వాన. అయిదింటికే చీకటి లెక్క అయింది. తలుపేసిన, ట్యూబులైటేసిన. ఇరవై మంది ఒక్క అర్రల, కిటికీలు బంద్. అందరి చీరెలు తడిసినయి. ఊపిరి ఆడుతలేదు. పాట పాడినం. పాస్టరయ్య లేసి పోటో కాడ నిలబడ్డడు, పుస్తకం తీసిండు. మా లైనుల సెల్‌ఫోన్ ఆయన ఒక్కని కాడనే ఉన్నది, అది అంగీ జేబుల కనపడేటట్టు పెట్టుకుంటడు.

"మనం మంటి నుంచి వచ్చినోళ్ళం" అన్నడు. "మంటికే పోయేటోళ్ళం."

పుస్తకం మీద మట్టి గడ్డ ఒకటి పడ్డది. చిన్నది, శనగ్గింజంత.

ఆయన ఊదేసిండు. మళ్ళ, "మంటికే..." అన్నడు. ఇంకోటి పడ్డది. అందరం పైకి చూసినం. పోటో సుట్టు కొట్టిన టేపు ఒక మూల లేసి ఉన్నది. ఆ మూలకెల్లి ఒక ఉసిలి తల బయటికి పెట్టి చూసింది. తొవ్వ దొరికిందా లేదా అని చూసినట్టే చూసింది. ఎల్లొచ్చింది. దాని ఎనక ఇంకోటి. దాని ఎనక పది.

నాకు మొదలు సిగ్గైంది. ఊరంత చెప్పుకున్న గద పురుగు లేదని. చటుక్కున లేసి ఆ మూల బొటనవేలుతోని ఒత్తిపట్టిన. మొకం నవ్వుకుంట పెట్టి, "కానియ్యండ్రి పాస్టరయ్యా" అన్న. వేలి కింద కదులుతున్నయి. ఇంకో మూల లేసింది. రెండో చెయ్యి పెట్టిన. ఇగ మూడో మూలకు చెయ్యి ఏడికెల్లి తేవాలె? పోటోను కౌగిలించుకున్నట్టు నిలబడ్డ. చర్చివాళ్ళు నేను ఆయన కోసం ఏడుస్తున్న అనుకున్నరు. ఎనక ఒకామె, "పాపం, ఇన్నేండ్లకు దుఃఖం ఎల్లింది" అన్నది.

అంతే. టేపు మొత్తం ఊడింది.

ఎన్ని వచ్చినయో ఎట్ల చెప్పాలె. బియ్యం బస్తా చిరిగితే ఎట్ల కారుతయి, గట్ల కారినయి. కారి కింద పడలే, లైటుకు లేసినయి. అర్రంత రెక్కలే. నెత్తిల, జాకెట్లల్ల, చెవులల్ల. పాస్టరయ్య ఆమెన్ అనబోయిండు, 'ఆ' కాడనే నోట్ల రెండు పడ్డయి, మూసుకున్నడు. చాయ్ గ్లాసులల్ల ఈదుతున్నయి. ఎవరో లైటు బంద్ చేసిండ్రు. మంచిపనే. కని చీకట్ల పాస్టరయ్య ఫోన్ తీసి దాని లైటేసిండు, తొవ్వ చూద్దామని. ఉసిళ్ళన్ని ఆయన మీదికి పోయినయి.

"తలుపు తియ్యండ్రి" అని రూతు అరుపు.

తలుపు రాదు. కట్టె వానకు ఉబ్బింది, సుట్టు నా రబ్బరు పట్టీ. పైగ ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. ఇరవై మంది పోయి తలుపుకు ఆనుకొని లోపలికి గుంజుతున్నరు. ఎట్లొస్తది? కిటికీల కాడ ఇద్దరు గోర్లతోని టేపు గీకుతున్నరు. కువైట్ టేపు, ఊరికె వస్తదా. ఆ పొద్దు నాకు మేడమ్ మాట యాదికొచ్చింది. తొవ్వ లేకుండ చెయ్యాలె. చేసిన. మాకే లేదు.

బయటికెల్లి సమ్మక్క గొంతు వచ్చింది. మొదటి పెద్ద వాన గద, ఆమె అలవాటు కొద్ది ఎనక గోడ కాడ దీపం, చేట పెట్టుకొని కూసున్నదంట. సిమెంటు దిక్కు చూసుకుంట కూసున్నదంట. లోపల లొల్లి ఇని ముందటికి ఉరికొచ్చింది.

"తలుపు ఇడిసి ఎనక్కి జరుగుండ్రి. ఎనక్కి. ఆ ఫోన్ లైటు బంద్ చెయ్యమను అయ్యగారిని."

జరిగినం. ఆమె బయటికెల్లి ఒక్క తన్ను తన్నింది. రబ్బరు పట్టీతోని సహా తలుపు లోపలికొచ్చింది. సమ్మక్క వాకిట్ల చూరు కింద పెద్ద తాంబాళంల నీళ్ళు పోసి, నడిమిట్ల దీపం పెట్టింది. ఇల్లంత చీకటి, దీపం బయట. ఇగ చూడండ్రి, చెప్పినట్టే ఇనే పిల్లల లెక్క ఉసిళ్ళన్ని వరస కట్టి బయటికి పోయినయి. మా నెత్తుల మీదికెల్లి పోయినయి. పది నిమిషాలల్ల ఒక్కటి లేదు. నాలుగేండ్ల నా విద్య ఆమె ఒక దీపం, ఒక తాంబాళంతోని ఊడ్చేసింది.

లైటేసినం. నేల మీద రెక్కలు, చీలమండ దాక. గోడ మీద పోటో వంకర వేలాడుతున్నది.

అప్పుడు అత్త గొంతు. ఆమె చాప మీదికెల్లి లేవనే లేదు, అంత లొల్లిల. నెత్తి నిండ రెక్కలు.

"నా కొడుకు మంచిగున్నడా?"

 నేను పోటో దించిన. దించుతుంటె నా చేతులకు బరువు తెలియలే. ఎనక అట్ట లేదు. మూడు పొరల కువైట్ అట్ట మొత్తం మట్టి అయింది. గోడకు ఆడికెల్లి తొవ్వ పెట్టుకున్నయి, బయట తొవ్వ మూసినంక. పూలదండ తీసిన. పోటో పైన పొర ఒక్కటి అద్దానికి అతుక్కొని ఉండె. కదిలిచ్చేసరికి అదీ పొడి పొడి రాలింది. మొకం పోయింది. చెవి పోయింది, దాని మీది మచ్చ పోయింది. గల్లా కాడికెల్లి కిందికి మిగిలింది. తెల్ల చొక్కా, జేబు, పెన్ను.

రూతు నా భుజం మీదికెల్లి చూసింది. "అయ్యో మా అన్నా" అన్నది. "మొగుణ్ని తిన్నది చాలక..." అని ఆగింది. పాస్టరయ్య ముందట ఉన్నడని ఆగింది.

"ఈసారి నేను గాదు రూతు. చెద" అన్న.

 

అద్దం మీది దుమ్ము కొంగుతోని తుడిచిన. మొకం ఉండాల్సిన కాడ ఎనక నల్లటి మట్టి, ముందు అద్దం. దాంట్ల నా మొకం కనపడ్డది. కింద ఆయన చొక్కా. చూసిన. బాగనే సరిపోయింది చొక్కా, పదేండ్ల సంది నేనే ఏసుకున్నట్టు. ఆ పెన్ను ఒక్కటే దండగ.

"ఇటియ్యి" అన్నది అత్త.

"అత్తా, అది..."

"ఇటియ్యి అన్న గద."

ఇచ్చిన. ఏం చేస్త, దాపెట్టే జాగ లేదు. ఈ ఇల్లంతట్ల ఒక్క బొక్క లేకుండ నేనే మూసిన. ఆమె పోటోను ఒడిల పెట్టుకున్నది. కొంగుతోని తుడిచింది. కండ్ల కాడికి, ముక్కుకు తగిలేంత దగ్గరికి తీసుకున్నది. సాన సేపు చూసింది. ఆమె కండ్ల సంగతి చెప్పిన గద, సగమే.  రూతు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"ముసలోడైండు" అన్నది అత్త.

అద్దం మీద వేలు పెట్టింది.

"నెత్తి నెరిసింది వీనికి. అచ్చం నా లెక్కనే అయిండు." ఇంకోసారి తుడిచింది. "ఆడనే తగిలియ్యి."

తెలిసి అన్నదో, తెలియక అన్నదో నాకు ఇప్పటికి అంతు చిక్కలే. అడగలే. తగిలిచ్చిన. టేపు కొట్టలే.

చర్చివాళ్ళు రెక్కలు దులుపుకొని పోయిండ్రు. పాస్టరయ్య ఫోన్ ల ఉసిలి ఇరుక్కున్నదని ఊపుకుంట పోయిండు. నేను, రూతు ఇల్లూడుస్తున్నం.  సమ్మక్క ఆకు దొప్పల వేడి వేడి ఉసిళ్ళు తెచ్చింది. ఏంచి, రెక్కలు చెరిగి, ఉప్పు కారం చల్లింది. గడప కాడనే నిలబడ్డది. నేను అన్న మాట యాదికున్నది గద ఆమెకు.

"లోపలికి రా సమ్మక్కా" అన్న. "వచ్చే ఏడు నీ తొవ్వ ఇడుస్త. రేపు పొద్దున్నే సిమెంటు పలగ్గొడత."

"నా తొవ్వ గాదు అక్కా, వాటిది" అన్నది. వచ్చి అత్త ముందట దొప్ప పెట్టింది.

అత్త ముక్కెగబీల్చింది. "ఏడియి ఇవి?"

"మీ గోడలయే పెద్దమ్మా."

"నా కొడుకు ఎనక ఉన్నయేనా?"

సమ్మక్క నా దిక్కు చూసింది. నేను తల ఊపిన. "అవ్" అన్నది సమ్మక్క.

అత్త పొద్దున సంది ఉపాసం. పిడికెడు తీసుకున్నది. నోట్ల ఏసుకున్నది. పండ్లు లేవు ఆమెకు, ఈగుర్లతోని నమిలింది, మెల్లగ, కోపంగ. మింగింది. ఇంకో పిడికెడు తీసి నా చేతుల పెట్టింది.

"తిను. నువ్వు గూడ పొద్దుటి సంది ఏం తినలే."

రూతు చీపురు పట్టుకొని అట్లనే నిలబడ్డది. పదేండ్ల సంది ఆమె అంటున్న మాట. నేను ఆమె కండ్లల్లకు చూసుకుంట నోట్ల ఏసుకున్న. నమిలిన.

కమ్మగనే ఉన్నడు. ఉప్పే జెర తక్కువైంది.